మనోవైద్యమున మన బాలికలకు గల దారులు

బడిపంతులుగారి యింట నుండువారికి విద్యార్థుల రాకపోకలు తప్పవు. మావారు తాండూరున తొమ్మిదేండ్లు పనిచేసి, నాలుగేండ్ల క్రిందట వికారాబాదునకు మారిరి. ఊరు మారినను పాతశిష్యులు మమ్ము విడువలేదు. రెండూళ్ళ నడుమ రైలుబండి యున్నది గదా! ఆదివారము వచ్చెననిన పరీక్షాఫలితములతోనో దరఖాస్తు కాగితములతోనో యెవరో యొకరు దిగుదురు. మగపిల్లలు ముందుగదిలో మావారితో మాటలాడుదురు. ఆడపిల్లలు వంటయింటి గడపకడ కూర్చుండి, మేము కందిపప్పు చెరుగుచుండగా తమ సంగతులు మాతో చెప్పుకొందురు. మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. మా తండ్రిగారు చెప్పిన భారతము, కావ్యములు, కొంత సంస్కృతము, వారి పెట్టెలోని వైద్యగ్రంథములు, ఇంతియే మా చదువు. అయినను ఎన్నేండ్లు పట్టును, ఎంత వ్యయమగును, కడకు చేతికేమి వచ్చును అని యడిగి తెలిసికొనుటకు బిరుదము లక్కరలేదు. ఇల్లు నడపు స్త్రీ ప్రతిదినము చేయుచున్న లెక్కలే యవి.

ఇటీవల ఆ గడపకడ వినబడుచున్న ప్రశ్న యొకటి క్రొత్తది. మనసునకు వచ్చు జబ్బులను బాగుచేయు పనిలోనికి పోవలెనన్న నేమి చదువవలయును? ఇరువదియేండ్ల క్రిందట ఒక బాలిక ఇట్లడిగిన యెడల తల్లి యామె నోరు మూసి యుండును. "ఎర్రగడ్డ" అనుమాటను మన యిండ్లలో తిట్టుగా వాడుదుమే గాని ఊరిపేరుగా వాడము. పిల్లవాడల్లరి చేసిన ఎర్రగడ్డకు పంపుదు మందుము. కోడలు నాలుగుదినములు మాటలాడకున్న ఎర్రగడ్డ కేసందుము. ఆ ఆసుపత్రి నిజాము ప్రభుత్వకాలమున జాల్నాలో నుండెడిది. 1953లో హైదరాబాదునకు తెచ్చిరి. నే డది రోగులకు చికిత్స చేయు చోటు మాత్రమే గాక, మనోవైద్యులు తయారగు విద్యాస్థానము గూడ. తిట్టు మాత్రము మారలేదు.

ప్రశ్న పుట్టుటకు హేతువులు మనచుట్టునే యున్నవి. మన పల్లెలలో కల్లు కల్లుగా లేదు. అల్ప్రాజోలాం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేటు మొదలగు నిద్రమందులు కలిపిన నీటిని కల్లని యమ్ముట యీ ప్రాంతమున చిరకాలముగా నున్న పీడ. అది త్రాగుటకంటె హఠాత్తుగా మానుటయే యెక్కువ ప్రమాదము. మానిన రెండుమూడు దినములలో చేతులు వణకును, నిద్ర పోవును, మూర్ఛలు వచ్చును, లేని మనుష్యులు కనబడుదురు, లేని మాటలు వినబడును. 2015లో ప్రభుత్వము కల్తీకల్లుపై కఠినచర్య గైకొన్నప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో నిట్టివారు ఆసుపత్రులకు బారులు తీరిరి. కొడంగలు ప్రాంతము అప్పుడు మహబూబునగరులోనిదే. 2016లో వికారాబాదు జిల్లా యేర్పడినప్పుడు మనలో చేరినది. 2021 జనవరిలో మన జిల్లా గ్రామములలోనే కల్లు త్రాగి పలువురు ఆసుపత్రులపాలైరి. ఇట్టి రోగిని దయ్యము పట్టెనని కొట్టినవారిని మే మెరుగుదుము. ఆ కొట్టినవారు దుర్మార్గులు కారు. వారికి మరియొక తోవ చెప్పు మనుష్యుడు ఊరిలో లేడు.

దేశము లెక్కయు నిట్లే యున్నది. 2015-16 సంవత్సరములలో పండ్రెండు రాష్ట్రములందు జరిగిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికిపైగా నేదో యొక మనోవ్యాధితో నున్నట్లు తేలినది. వ్యాధిని బట్టి నూటికి డెబ్బదిమంది మొదలు తొంబదిమందికిపైగా చికిత్సయే పొందుట లేదట. ఆ పండ్రెండింటిలో మన తెలుగు రాష్ట్రములు రెండును లేవు. మనల నెంచినవారే లేరని మేము మావారితో ననగా, "ఎంచకున్నను ఉన్నారు గదా" అని వారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

ఇక బాలికల ప్రశ్నకు వత్తుము. చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీనిలో నేది కుంటిదైనను చికిత్స నడువదు. మన బాలికలందరికి మొదటిపాద మొక్కటియే కనబడుచున్నది. "సైకాలజీ డాక్టరు నగుదును" అందురు. ఆ పేరుగల డాక్టరు లేడు. ఆ రెండుమాటల నడుమ రెండు వేరువేరు చదువు లున్నవని మొదట చెప్పవలసి వచ్చును.

మందు వ్రాయువాడు సైకియాట్రిస్టు, అనగా మనోవైద్యుడు. ఇంటరులో జీవశాస్త్రము చదివి, నీట్ పరీక్షలో సీటు సంపాదించి, అయిదున్నర యేండ్లు ఎం.బి.బి.ఎస్., పిదప మరియొక పరీక్ష, మూడేండ్లు ఎం.డి. చదువవలెను. ఎచ్చటను తప్పకున్న యెనిమిదిన్నర యేండ్లు. 2023లో వికారాబాదునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. మా వీథిలోనుండియే తెల్లకోటులు పోవుచుండగా చూచి బాలికలకు ధైర్యము కలిగినది, అది మంచిదే. లక్షజనమునకు ఒక్క మనోవైద్యుడైన లేని దేశము మనది. శక్తియు, మార్కులును గలవారు ఈ దారినే పోవలెను. దీనిగురించి మేము చెప్పదగినది మరి లేదు. సీటు వచ్చినవారికి సలహా యక్కరలేదు. రానివారికి సలహా పనికిరాదు.

సందేహమంతయు రెండవదారిలో నున్నది. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయడు. రోగి తలపుల తీరును, జ్ఞాపకమును, బుద్ధిని పరీక్షించి, మాటద్వారా క్రమపద్ధతిలో చికిత్స చేయును. చరకుడు దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము అను వానితో బాటు సత్త్వావజయ మను మూడవ చికిత్సను చెప్పెను. మనసును అహితవిషయముల నుండి మరలించుట యని దాని యర్థము. కావున నిది పశ్చిమదేశముల నుండి నిన్న దిగిన వింత యని యెగతాళి చేయు పెద్దలు కొంచె మాగవలెను. "మంచిమాటలు చెప్పుట కొక చదువా? కృష్ణుడర్జునునకు చెప్పలేదా?" అని మా బంధువొకరు వాదించిరి. మొదటి యధ్యాయమున అర్జునుడు తన దుఃఖము చెప్పుకొనెననియు, కృష్ణుడు మధ్య నడ్డుపడక వినెననియు మేము జ్ఞాపకము చేసితిమి. వినుట నేర్చుటకే యేండ్లు పట్టును.

ఈ దారిలో ముండ్లెక్కడనో చెప్పవలెను. బి.ఏ.లో సైకాలజీ చదివినంతమాత్రమున నెవరును రోగులను చూడదగరు. ఎం.ఏ. చదివినను చాలదు. ఇంతవరకు నున్న క్రమ మేమనగా, డిగ్రీ మూడేండ్లు, ఎం.ఏ. రెండేండ్లు, అటుపైని ఆసుపత్రిలో రెండేండ్ల ఎం.ఫిల్., పిదప భారత పునరావాస మండలిలో పేరు నమోదు. మొత్త మేడేండ్లు. ఆ మండలి 1992 చట్టమువలన నేర్పడినది. ఇప్పుడు విశ్వవిద్యాలయములు ఎం.ఫిల్. అను పట్టమునే యెత్తివేయుచున్నందున, దీనికి బదులుగా ఇంటరు తరువాత నాలుగేండ్ల క్లినికల్ సైకాలజీ డిగ్రీయు, దానిపై ఎం.ఏ.యు వచ్చుచున్నవి. మార్పుకాలమున మోసములు హెచ్చు. కాబట్టి రుసుము చెల్లించుటకు ముందే, కళాశాలపేరు ఆ మండలి పట్టికలో నున్నదో లేదో తల్లిదండ్రులు స్వయముగా చూడవలెను. కళాశాలవారు చూపిన కాగితమును నమ్మరాదు.

ఇంత గట్టిగా చెప్పుటకు మాకు కారణము గలదు. మా పినతల్లి కూతురికి రెండవకాన్పైన పదియవదినమున నిద్ర పోయినది. మూడురాత్రులు కన్ను మూయలేదు. బిడ్డను మార్చిరని యనుమానించెను. అత్తవారు చదువుకొన్నవారే; భూతవైద్యునికడకు గొనిపోలేదు. నగరములో నున్న యొక కౌన్సెలింగు కేంద్రమునకు తీసికొనిపోయిరి. వెలుపల పెద్దబోర్డు, లోపల చల్లని గది. అచ్చటి వ్యక్తి ఆరువారములు మాటలతోనే గడపెను. మందుల జోలికి పోవద్దనెను. ప్రతిసారి రుసుము పుచ్చుకొనెను. ఆ బాలింతకు కావలసినది ఆనాడే ఆసుపత్రి. ప్రసవమైన దినములలో నిద్ర పోయి అనుమానములు పుట్టుట తల్లికిని బిడ్డకును ప్రాణాపాయకరమని మనోవైద్యులందరు చెప్పుమాట. కడకు ప్రభుత్వాసుపత్రిలో చేర్చి మందు లిప్పించిన మీదట, నెల తిరుగక ముందే బిడ్డ నెత్తుకొని పాలిచ్చినది. ఆ బోర్డు వ్రాయించుకొన్న వ్యక్తి చదివినది మూడునెలల తపాలాచదువని తరువాత దెలిసెను. మాట చికిత్స కాదని మేమనుట లేదు. ఎప్పుడు మాట చాలదో తెలియుటయే చదువులో సగము. కౌన్సెలర్లును తక్కిన సైకాలజిస్టులును 2021లో వచ్చిన యొక చట్టము క్రిందికి వచ్చుచున్నారు. ఆ చట్టము పల్లెలవరకు పారునాటికి బోర్డుల సంఖ్య తగ్గునేమో.

మూడవదారి కెవరును ఉత్సాహముతో రారు. దానినిగూర్చియే మాకెక్కువ చెప్పవలెనని యున్నది.

తాండూరున నాపరాళ్ళు నునుపుచేయు కార్ఖానాలో పనిచేయు నొకని కూతురు మావారియొద్ద పదవతరగతి చదివినది. ఇంటరు రెండవయేట నుండగా మాయింటికి వచ్చినది. ఆమె యన్నకు పందొమ్మిదవయేట జబ్బు చేసెను. తన్నెవరో పిలుచుచున్నారనును, అన్నములో విష మున్నదనును. దర్గాకు, గుట్టమీది గుడికి, ఎరుకచెప్పువారియొద్దకు త్రిప్పిరి. కొన్నిమాసములు గదిలో పెట్టి తాళము వేసిరి. సంకెల మాత్రము వేయలేదు. 2001 ఆగస్టు 6వ తేదీని తమిళనాట ఏర్వాడిలో సంకెళ్ళతో కట్టబడిన 28 మంది మనోరోగులు అగ్నిప్రమాదమున మరణించినప్పుడు దేశమంతయు నిలువున వణకినది. 2017లో వచ్చి 2018 మే 29 నుండి అమలైన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము సంకెళ్ళను బొత్తుగా నిషేధించినది. గదితాళము సంగతి ప్రతి యింటివారును తమ మనసు నడుగవలసినది. ఏమైననేమి, ఎట్టకేలకు డాక్టరు చేతికి పోయినందున ఆ పిల్లవాడు కుదుటబడెను. ఇప్పుడు పూటపని చేయుచున్నాడు. అతనికి మూడేండ్లుగా మాత్రలిచ్చుచు, స్నానము చేయించుచు, అలిగినప్పుడు బుజ్జగించుచు, ఏ మాత్రకు చేయి వణకునో, దేనికి నిద్ర ముంచుకొనివచ్చునో కాలెండరుపై గుర్తులు పెట్టుకొన్నది ఈ చెల్లెలే.

ఆమె యడిగినది సైకాలజీయా, నర్సింగా అని. మేము ఆమె యింటిలెక్క యడిగితిమి. తండ్రి నాలుగేండ్లు చదివించగలడు. ఏడేండ్లు చదివించలేడు. వెనుక నొక చెల్లెలున్నది. మార్కులు మంచివే గాని నీట్ సీటు తెచ్చునంత కావు. సైకాలజీ డిగ్రీతో మూడేండ్లకే ఆగిపోయినయెడల చేతికి వృత్తి రాదు. నర్సింగులో నాలుగేండ్లు ముగియగానే రిజిస్ట్రేషను, జీతము. ఆపైని మనోరోగుల పరిచర్యలో ఒకయేడాది డిప్లొమా కలదు. ఓపిక యున్న రెండేండ్ల ఎం.ఎస్సీ. కలదు. మేము చెప్పిన 2017 చట్టము మనోవైద్యునితో, సైకాలజిస్టుతో బాటు మానసికారోగ్య నర్సునుగూడ వృత్తినిపుణులలో నొకరుగా పేర్కొన్నది. ఈ సంగతి చెప్పినప్పుడామె కండ్లు పెద్దవైనవి. నర్సనగా డాక్టరువెనుక పళ్ళెము పట్టుకొని నిలుచునది యని యామె తలచియుండెను.

తండ్రి మరుసటి ఆదివారము వచ్చెను. "మా ఇండ్లల్ల ఎవ్వరు నర్సు పని చెయ్యలే సారూ. మగోళ్ళను ముట్టాలె, రాత్రిళ్ళు ఉండాలె. సంబంధాలు వస్తయా?" అని మావారి నడిగెను. మావారు మావైపు చూచిరి. అన్నకు స్నానము చేయించునప్పుడు సంబంధముల మాట జ్ఞాపకము రాలేదా యని మే మడిగితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. ఆయన కోపగించెనేమో యని మాకు భయము వేసెను. పిదప టీ త్రాగి, హాస్టలు రుసుమెంత యని యడిగెను.

పరిచారకునికి చరకుడు నాలుగు గుణములు చెప్పెను. పరిచర్య తెలియుట, నేర్పు, రోగియందనురాగము, శుచిత్వము. ఇందులో కడపటి రెండును తల్లిగర్భముననే రావలెననుకొందురు గాని మాకు నమ్మకము లేదు. అనురాగమును అలవాటుచేత వచ్చును. మనోరోగుల వార్డులో డాక్టరు రోగితో గడపునది కొన్ని నిముషములు. తక్కిన పగలును రాత్రియును నర్సుదే. మాత్ర మ్రింగెనా, నాలుకక్రింద దాచెనా? నిన్నటికంటె నేడు తక్కువ తినెనా? తలుపువైపేల చూచుచున్నాడు? ఇవి చూచి చెప్పువారు లేనిచో డాక్టరు వ్రాసిన మందు చీటి గుడ్డిది. కల్లు మానిన రోగికి మూర్ఛ వచ్చుటకు ముందు వణకును గుర్తించునది గూడ ఆ చేయియే.

మా ఆడబిడ్డ కూతురు వికారాబాదుననే డిగ్రీ చదివినది. ఆమె తీరు వేరు. ఒకచోట కూర్చుండలేదు. వార్డులో రాత్రిపగలు కాపలా యామెవలన కాదు. ఊరంతటితో మాటలాడును. సేడం, చించోలివైపునుండి మనయూరికి వచ్చువారి కన్నడము, తాండూరు బజారు ఉరుదు, పల్లెతెలుగు మూడును కలిపి ధారాళముగా మాటలాడును. ఆమెకు మేము నాలుగవదారి చెప్పితిమి. సమాజసేవలో రెండేండ్ల ఎం.ఎస్.డబ్ల్యు., దానిపై మనోరోగుల విషయమున ప్రత్యేకశిక్షణ. సైకియాట్రిక్ సోషల్ వర్కరందురు. రోగి యింటికి పోయినతరువాత నేమగునో చూచుట వీరి పని. మందెందుకు మానెను? అత్త మాన్పించినదా, డబ్బు లేదా, బస్సు దొరకదా? వైకల్యధ్రువపత్రము, పింఛను, మరల పనిలో చేర్చుకొనుమని యజమానితో మాటలాడుట. ఈ శాఖకును ఎం.ఫిల్. మార్పుల చిక్కు తప్పలేదు. ముందు చెప్పిన జాగ్రత్తయే యిచ్చటను.

ఇది కాగితముమీది పని కాదనుటకు మన పొరుగుననే నిదర్శన మున్నది. తెలుగువారు విస్తారముగా నున్న బళ్ళారి జిల్లాలో 1980 ప్రాంతపు దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ వారు పల్లె ఆరోగ్యకేంద్రముల డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ యిచ్చి, రోగులను తమ యూళ్ళలోనే చూచు పద్ధతిని నడపి చూపిరి. దానినిబట్టియే 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము మొదలైనది. దేశమున మొట్టమొదట నెన్నుకొన్న నాలుగు జిల్లాలలో మన ప్రక్కనున్న మెదకు ఒకటి! ఈ సంగతి మెదకువారికే తెలియదని మా యనుమానము.

ఆడబిడ్డకు మా సలహా రుచించలేదు. "ఇల్లిల్లు తిరుగు పనియా?" అని ముఖము చిట్లించెను. ఇప్పటికిని పండుగకు వచ్చినప్పుడు మామీద నొకమాట విసరును. పిల్ల మాత్రము హైదరాబాదున చేరి రెండవయేడు చదువుచున్నది. చెప్పకుండ నుండలేము, ఈ పనిలో జీతములు తక్కువ. ఉద్యోగములు చాలవరకు కాలపరిమితి గలవి. ఆ మాట దాచి సలహా చెప్పుట న్యాయము కాదు.

మరి రెండుమాటలు. బుద్ధిమాంద్యము వేరు, మనోవ్యాధి వేరు. పుట్టుకతో బుద్ధివికాసము తక్కువగు పిల్లలకు నేర్పుపనియందు ఆసక్తి గలవారికి సికిందరాబాదు మనోవికాసనగరులో 1984 నుండి జాతీయసంస్థ యొకటి గలదు. ప్రత్యేకవిద్యలో శిక్షణ యిచ్చట దొరకును. ఉపాధ్యాయవృత్తి నిష్టపడు బాలికల కిది తగినది. రెండవది, 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ ఫోను. 14416 అను నంబరునకు రాత్రియైనను పగలైనను తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. శిక్షణ పొందిన కౌన్సెలర్లచ్చట ఉద్యోగము చేయుచున్నారు. బాలికలకు ఉద్యోగము సంగతి యటుండనిండు. ఆ నంబరు ప్రతివంటయింటి గోడపైన వ్రాసియుండవలెనని మా కోరిక. మేము పాలలెక్క ప్రక్కన వ్రాసి పెట్టితిమి.

దారి యెన్నుకొనుటకు ముందు ప్రతిబాలికను మేమొకటి యడుగుచున్నాము. రోగి దినములో నే గడియలో నీవు ప్రక్క నుండగలవు? జబ్బేమో తేల్చు గడియలోనా, చిక్కుబడిన తలపును మెల్లగా విప్పు గడియలోనా, అర్ధరాత్రి నిద్రరాక తిరుగు గడియలోనా, బాగుపడి యిల్లుచేరినప్పుడు వీథివారు తలుపులు వేసికొను గడియలోనా? ఎక్కువమంది వెంటనే బదులు చెప్పలేరు. ఆలోచించి వచ్చెదమందురు. కొందరు మరల రారు. ఒకతె మాత్రము "నాకు జబ్బుమనిషిని చూచిన భయము, జీతము మంచిదని విని వచ్చితిని" అని నిజము చెప్పినది. ఆమెను మేము మెచ్చుకొని బ్యాంకు పరీక్షకు చదువుమంటిమి.

తాండూరు పిల్ల నర్సింగు రెండవయేట నున్నది. వచ్చేయేడు మనోరోగుల పరిచర్య పాఠము, వార్డుపని యుండునట. అన్నకు మాత్రలిచ్చుటయు, కాలెండరుపై గుర్తులు పెట్టుటయు చెల్లెలికి నేర్పి హాస్టలునకు పోయినది. చెల్లెలు రెండుసార్లు మరచెనని ఫోనులో గట్టిగా మందలించినదట. మొన్న వారి తండ్రి పని కోసము వికారాబాదు వచ్చి, మావారిని కలిసి, ఆ యొకయేడాది డిప్లొమాకు బెంగుళూరు పంపవలసివచ్చినచో బండి తాండూరులో నాగునా, లేక వాడిలో మారవలెనా యని యడిగెను. మావారు టైంటేబులు చూచి చెప్పెదమనిరి.